కాచుకున్న చేతులు

రోజు 1

శిక్షణలో ఉన్న పెంపు నర్సు, అంటే అరచేతికి రోగం పసిగట్టే పొర అతికించుకున్న నర్సు, రోజూ తన చేత్తో దినచర్య రాయాలన్నది నియమం. మొత్తం అరవై రోజులు. అరవయ్యో రోజున మాకు శిక్షణ ఇచ్చే సలోమి సిస్టర్ ఇక్కడికి వచ్చి ఇది చదివి, నా పని చూసి, నేను ఒంటరిగా మందులు రాయడానికి, మోతాదు మార్చడానికి, ఎవర్ని కింద పెద్దాసుపత్రికి పంపాలో తేల్చడానికి పనికొస్తానో లేదో సంతకం పెడుతుంది. "అబద్ధాలు రాయకు, అందంగా కూడా రాయకు" అని చెప్పి పంపింది. రెండోది నాకు కష్టం కాదు.

కొండలంకకి తాళ్లబండిలో వచ్చాను. తాడుకి వేలాడే ఇనప బోను, అందులో బియ్యం బస్తాలు, వాటి మధ్య నేను. సముద్రం మింగేసిన లంకల నుంచి ముప్ఫై ఏళ్ల కిందట జనాన్ని తెచ్చి ఈ కొండ మీద పెట్టారు. ఊరి పేరులో లంకని మాత్రం వాళ్లు వదల్లేదు. చుట్టూ నీళ్లకు బదులు పొగమంచు. ఆ మంచులో డ్రోన్లు ఎగరవు, రోడ్డు ప్రతి వానకీ జారిపోతుంది. అందుకే బియ్యమైనా మందులైనా మనిషైనా ఈ బోనులోనే ఎక్కాలి, దిగాలి.

పైన చక్రం గదిలో బ్రేకు పట్టుకుని ఉన్నాయన పేరు ముత్యాలరావు. అరవైకి దగ్గర పడ్డ భారీ మనిషి. ఒకప్పుడు వాళ్ల నాన్న గోదావరి మీద జనాన్ని దాటించే పంటు నడిపేవాడట.

"భయపడ్డారేటండీ?" అన్నాడు నేను దిగగానే.

"లేదు" అన్నాను.

"ఆయ్. మరి ఆ బస్తాని అలా వాటేసుకున్నారేటండీ?"

ఊళ్లో అడుగుపెట్టి నిమిషం కాలేదు, పరువు పోయింది. మిగిలిన కాస్తా పేరమ్మ దగ్గర పోయింది. ఆవిడ నా మొదటి రోగి. డెబ్బై ఏళ్లు, వరండాలో అందరికన్నా ముందు కూర్చుంది. నా కుడి అరచేతికి పొర అతికి ఆరు వారాలే అయింది. అవతలి మనిషి చెయ్యి పట్టుకుంటే, ఆ చేతి వెచ్చదనం, వేళ్లలో రక్తం పారే తీరు పసిగట్టి, గుండె ఎంత బలంగా తోస్తోందో ఆ పొర లెక్క కడుతుంది. నా మణికట్టు మీద చుక్క వెలుగుతుంది. పచ్చగా ఉంటే ఫర్వాలేదు, పసుపైతే ఆలోచించాలి, ఎరుపైతే పరుగెత్తాలి. కొత్త చర్మం కదా, ఇంకా పచ్చిగా ఉంది. చలికి గడ్డకట్టినట్టున్న పేరమ్మ చెయ్యి తగలగానే ప్రాణం జివ్వుమని కెవ్వున అరిచాను. వరండాలో ఉన్న పదిమందీ తొంగి చూశారు.

"అయ్యో, నా తల్లే!" అని ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది.

చుక్క పసుపు. రక్తం తక్కువగా ఉందని తేలింది. మాత్రలిచ్చాను.

రోజు 9

పొద్దున్నే లేచి సౌరపలకల మీద మంచు తుడవాలి. తరవాత పొరని ఉప్పునీళ్లతో కడిగి ఆరబెట్టాలి. నా గది ఆసుపత్రికి వెనకే కాబట్టి వెనక మెట్లెక్కి నేరుగా నా కుర్చీలోకి వస్తాను. జనం ముందు వరండాలోంచి ఒక్కొక్కరుగా లోపలికి వస్తారు. అక్కడ ఎవరో కుంపటి పెట్టారు, బొగ్గుల వాసన లోపలికి కూడా వస్తోంది. ఈ చలికి పెట్టుకోరూ పాపం, అనుకున్నాను.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు మొదటి వారమంతా తెల్లారింది మొదలు దీపాలు పెట్టేదాకా చూస్తూనే ఉన్నాను. ఈ రోజు ముప్ఫై ఇద్దరు. అందరివీ పచ్చ చుక్కలే. పేరమ్మది కూడా పచ్చకి తిరిగింది. వారం రోజుల మాత్రలకే! నా హస్తవాసి మంచిదని ఆవిడే వరండాలో అందరికీ చెప్పింది. నేను కాదనలేదు.

శిక్షణ తరగతిలో మొదట నేర్పేది మూడు మాటలు. ముందు చూడు, తరవాత అడుగు, చివర తాకు. ముప్ఫై ఇద్దరిని చూడాలంటే ఆ వరస కుదరదు. నేను ముందే తాకుతున్నాను. చుక్క పచ్చగా ఉంటే మిగతా రెండూ తొందరగా తెమిలిపోతాయి. సలోమి సిస్టర్ ఇది చదివినప్పుడు ఏమంటుందో నాకు తెలుసు. కానీ అబద్ధం రాయొద్దంది కదా.

రోజు 22

సోమవారం. తాళ్లబండి బ్రేకు పట్టేవాళ్లకి ప్రతి సోమవారం నర్సు చెయ్యి చూసి, పనికి తగినవాళ్లని ముద్ర వెయ్యాలి. ఊళ్లో ఆ అర్హత పత్రం ఉన్నది ముత్యాలరావు ఒక్కడికే. పొగమంచులో బోను కనపడదు. తాడు వణికే తీరుని బట్టి ఎప్పుడు ఎంత బిగించాలో చేతికి తెలియాలి.

"ఎలా ఉంది ముత్యాలరావుగారూ?"

"బాగానే ఉందండి. కాస్త గ్యాసండి. ఇక్కడ పట్టేసినట్టు ఉంటాదండి" అని రొమ్ము మీద రాసుకున్నాడు.

చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగా, నిండుగా ఉంది. పచ్చ చుక్క. గ్యాసుకి మందిచ్చి ముద్ర వేశాను.

మధ్యాహ్నం డాక్టర్ ఇబ్రహీం ఫోన్ చేశాడు. పదకొండు కొండలకి ఆయన ఒక్కడే డాక్టరు. నా లెక్కలు చూశాడట. "మీ ఊళ్లో అందరూ ఇంత ఆరోగ్యంగా ఉన్నారా! నమ్మలేకపోతున్నానమ్మా" అన్నాడు. మెచ్చుకుంటున్నాడనుకుని థాంక్సండీ అన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ మాట కాస్త గుచ్చుకుంది, కానీ అప్పటికి వరండాలో ఇంకా పదకొండు మంది ఉన్నారు.

రోజు 38

పేరమ్మ పెరట్లో కళ్లు తిరిగి పడిపోయింది. నిన్న పొద్దున్నే నా దగ్గర పచ్చ చుక్క తెచ్చుకుని వెళ్లిన మనిషి. నేను వెళ్లేసరికి మంచం మీద పడుకోబెట్టారు. చెయ్యి పట్టుకుంటే చుక్క పసుపు, కొంచెం ముదురు పసుపు కూడా. పడిపోయిన అదురుకి అలా చూపిస్తోందేమో అనుకున్నాను. రక్తం పరీక్ష చేస్తే మొదటి రోజు ఎంత ఉందో అంతే ఉంది. నా మాత్రలు ఆవిడకి పనిచెయ్యనేలేదు.

మరి మధ్యలో అన్ని పచ్చ చుక్కలు ఎక్కడివి?

పొర చెడిపోయిందనుకున్నాను. నా చెయ్యి నేనే పట్టుకున్నాను, స్కూలు మేష్టారి చెయ్యి, పాలాయన చెయ్యి ఆసుపత్రికి పిలిపించి పట్టుకున్నాను. అంతా సరిగానే చూపిస్తోంది. సలోమి సిస్టర్‌కి ఫోన్ చేశాను.

"పొర మీద నాకు అనుమానంగా ఉంది సిస్టర్."

"పొర మీదేనా?" అంది. ఫోన్ పెట్టేసింది. అది తిట్టినదానికన్నా ఎక్కువ.

రోజు 57

సోమవారం. ఈ రోజు రాయడానికి నాకు ఇష్టంగా లేదు.

ముత్యాలరావు లోపలికి వచ్చేసరికి ఆయాసపడుతున్నాడు. వెనక ఆయన భార్య అచ్చియ్యమ్మ కూడా వచ్చింది. సన్నటి మనిషి, చేతులు మాత్రం బలమైనవి. మామూలుగా ఆవిడ రాదు. నేను ఏది అడిగినా ఆయన కన్నా ముందు ఆవిడే జవాబు చెప్పింది. ఆకలి ఉందా అంటే ఉందండి అంది. నిద్ర పడుతోందా అంటే "ఆయ్, పడతాందండి" అంది, కళ్లు కిందకి దించుకుని.

"కొండ గాలి పల్చన గదండీ. మాది నీళ్ల మీద బతికిన ఒళ్లు" అన్నాడాయన నవ్వడానికి ప్రయత్నిస్తూ.

చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. పచ్చ.

ముద్ర చేతిలో పట్టుకుని కాసేపు కూర్చున్నాను. మనసొప్పలేదు. కానీ ఏం కారణం రాసి ఆపను? చుక్క పచ్చగా ఉంది. ఆపితే బోను ఆగుతుంది. బియ్యం రావు, మందులు రావు, గురువారం సలోమి సిస్టర్ కూడా రాదు. "బ్రేకు లేకపోతే నేనెందుకండీ" అన్నాడు ముత్యాలరావు మెల్లిగా. బతిమాలినట్టు కూడా లేదు, ఉన్న మాట చెప్పినట్టు ఉంది.

ముద్ర వేశాను.

రోజు 60

ఇది సాయంత్రం కూర్చుని రాస్తున్నాను.

నిన్నటి వానకి వెనక మెట్లు కొట్టుకుపోయాయి. అందుకని పొద్దున, ఊరికి వచ్చిన రోజు తరవాత మొదటిసారిగా, ముందు వరండాలోంచి వచ్చాను. బెంచీ మీద ఎనిమిది మంది. తలుపు పక్కన కుంపటి, దాని పక్కన పీట వేసుకుని పేరమ్మ. చేతిలో పట్టకారు. ఒకావిడ లేచి తలుపు దగ్గరికి వస్తుంటే పేరమ్మ పట్టకారు అడ్డం పెట్టింది.

"ఎక్కడికే? చెయ్యి చూపించు. ఇంకా సల్లగానే ఉంది. కూకుని కాసుకో."

"కాసుకున్నాను పిన్నీ!"

"రెండో వైపు కాసుకోలేదు. పచ్చి చర్మమే ఆ పిల్లది. మొదటి రోజు నా చెయ్యి తగిలి ఎలా కెవ్వుమందో నేను మర్చిపోతానా? ఎక్కడో కన్నవాళ్లని వదిలి మనకోసం వచ్చింది, మనం నొప్పి పెడతామా?"

అప్పుడు నన్ను చూసింది. దొంగతనం చేస్తూ దొరికినట్టు నవ్వింది. రెండో రోజు నుంచీ ఇదే పద్ధతట. బొగ్గులు ఇంటికో రోజు వంతు. చేతులు రెండు పక్కలా వేడెక్కితే తప్ప పేరమ్మ ఎవర్నీ లోపలికి పంపదు. మేష్టారూ పాలాయనా కూడా ఆవిడ పట్టకారు దాటే నా దగ్గరికి వచ్చారు.

నాకు ముందు ఏడుపొచ్చింది. ఇంత ప్రేమ నేను ఎవరి దగ్గరా పుచ్చుకోలేదు. మరుక్షణం అసలు సంగతి తట్టింది. నిప్పు మీద కాచిన చేతిలో రక్తనాళాలు విచ్చుకుంటాయి, రక్తం జోరుగా పారుతుంది. గుండె చతికిలబడుతున్నా ఆ చెయ్యి మాత్రం బ్రహ్మాండంగా ఉందని చెబుతుంది. రెండు నెలలుగా నేను చూసింది మనుషుల గుండెలు కాదు, ఈ కుంపటిని.

"పేరమ్మగారూ, ముత్యాలరావుగారు కూడా కాచుకునే వచ్చేవారా?"

"ఆయనా? మా బాగా కాసుకునేవోడమ్మా. పెద్దమనిషి."

తొమ్మిది దాటింది. సలోమి సిస్టర్ ఎక్కిన బోను కింద బయల్దేరే ఉంటుంది. బ్రేకు ఆయన చేతిలో ఉంది. చెప్పులు ఎక్కడ ఊడిపోయాయో తెలియదు, చక్రం గది దాకా పరుగెత్తాను.

ముత్యాలరావు బ్రేకు పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నాడు. పెదవులు నీలం తిరిగాయి. నన్ను చూడగానే అచ్చియ్యమ్మ వెనక్కి తప్పుకుంది, ఆయన బ్రేకు అందుకున్నాడు. తాడు కదులుతోంది, బోను మధ్యలో ఎక్కడో మంచులో ఉంది. నేను ఆయన చెయ్యి పట్టుకోలేదు. నేల మీద కూర్చుని బూట్లు విప్పాను.

"అందితే జుట్టు, అందకపోతే కాళ్లంటారు" అన్నాడు ఊపిరి అందక. "మీరు జుట్టు చూడకుండానే కాళ్లు పట్టేసుకున్నారేటండీ."

పాదాలు నాపరాయిలా చల్లగా ఉన్నాయి. చీలమండలు బొద్దుగా వాచి ఉన్నాయి. వేలితో నొక్కితే పడిన గుంట పడినట్టే ఉండిపోయింది. ఇవి చూడ్డానికి పొర అక్కర్లేదు, అరవై రోజుల శిక్షణా అక్కర్లేదు. బూట్లు విప్పితే చాలు.

"అచ్చియ్యమ్మగారూ, నిజం చెప్పండి. ఈయన పడుకుని ఎన్నాళ్లయింది?"

ఆవిడ మొగుడి వైపు చూసింది. తరవాత నా వైపు చూసింది.

"నెల్లాళ్లయిందండి. గోడకి ఆనుకుని కూకునే నిద్రపోతన్నాడు. ఎల్లకిలా పడుకుంటే ఊపిరాడదంటాడండి."

"మరి నాతో ఎందుకు చెప్పలేదండీ?"

"మీరు చెయ్యట్టుకుని బాగానే ఉందన్నారు గదండీ. మీ చెయ్యి చెప్పాక నేనేటి చెప్పేదండి?"

నేను ఆయన వైపు తిరిగాను.

"ముందు బ్రేకు వదలండి ముత్యాలరావుగారూ."

"వదిలితే ఎవరు పడతారండి? బోనులో మనిషుంది."

"తప్పుకో అవతలికి" అంది అచ్చియ్యమ్మ. ఆయన్ని భుజం పట్టి పక్కకి జరిపి బ్రేకు అందుకుంది. తాడు ఒక్కసారి వణికింది, సర్దుకుంది. "మూడు వారాల్నుంచి నేనే పడతన్నానండి. ఈయన కూకుని అరుత్తాడు, అంతే. రాసుకుంటారో, కేసే పెడతారో మీ ఇష్టం."

ఊపిరి పీల్చుకున్నానన్న మాట చాలాసార్లు వాడాను గానీ, దాని అర్థం ఈ రోజు తెలిసింది. ఆయన్ని పీట మీదే గోడకి ఆనించి, కాళ్లు పైకెత్తకుండా, నేల మీద కూర్చుని పాదాలు ఒళ్లోకి తీసుకున్నాను. వెనకే వచ్చిన వాళ్లని ఆక్సిజన్ కోసం ఆసుపత్రికి పంపాను. పది నిమిషాలకి బోను వచ్చి, దూదిమూటని దించినంత మెల్లగా ఆగింది.

సలోమి సిస్టర్ దిగింది. అరవై ఏళ్ల మనిషి, చేతికి పొర లేదు, కావాలని కూడా ఆవిడ ఎప్పుడూ అడగలేదు. నన్ను, నా ఒళ్లో ఉన్న పాదాల్ని చూసింది. సంచి కింద పెట్టి నాకెదురుగా చతికిలబడింది.

"ఏం చూశావు?"

చెప్పాను. ఏం చూశానో, వాళ్లేం చెప్పారో, ఏం తాకానో. ఆ వరసలోనే చెప్పాను.

"ఏం చేద్దామనుకుంటున్నావు?"

"ఒంట్లో నీరు లాగేసే ఇంజెక్షన్ ఇస్తాను. ఈసీజీ తీసి డాక్టరుగారితో మాట్లాడతాను. ఇదే బోనులో కిందికి తీసుకెళ్తాను. అచ్చియ్యమ్మగారు దించుతారు."

"మరి ఇంకా నా మొహం చూస్తావేం?" అంది.

బోనులో కూర్చోబెడుతుంటే ముత్యాలరావు నా చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది, నొప్పి పుట్టింది, అరవలేదు. చుక్క ఎర్రగా వెలిగింది.

"సోమవారం ముద్ర ఏశారు గదండీ నర్సమ్మగారూ" అన్నాడు, చిన్నపిల్లాడు అడిగినట్టు.

"ఆ ముద్ర తప్పండి. తప్పు నాది" అన్నాను.

రోజు 61

ముత్యాలరావుని నిన్ననే కింద పెద్దాసుపత్రిలో అప్పజెప్పి తిరిగొచ్చాను. డాక్టర్ ఇబ్రహీం పొద్దున అక్కణ్నుంచి ఫోన్ చేశాడు. ఆ గ్యాసు అన్నది గ్యాసు కాదు. ఐదారు వారాల కిందట గుండెపోటు వచ్చి, ఎవరికీ తెలియకుండా వెళ్లిపోయింది. గుండె నీరసించి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. "ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే..." అని ఆయన వాక్యం పూర్తి చెయ్యలేదు. "ఇప్పుడు మాట్లాడుతున్నాడు. ఇడ్లీ అడిగాడు" అన్నాడు. ఇడ్లీ అన్న మాట విని నేను ఫోన్ పట్టుకుని ఏడ్చాను.

సలోమి సిస్టర్ ఈ దినచర్య మొదటి నుంచీ చదివింది. రోజు 22 దగ్గర కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"కుంపటి వాళ్లది. ప్రేమతో పెట్టారు. కానీ కాచిన చెయ్యి వేడి నీకు తెలియలేదా వర్ధనీ?"

"తెలిసింది సిస్టర్."

"మరి?"

"హాయిగా ఉండేది. అందుకే అడగలేదు."

సంతకం పెట్టలేదు. నూట నలభై మూడు మంది పేర్లున్న జాబితా నా ముందు పెట్టింది. "పచ్చ చుక్కలు కొట్టెయ్యకు. అలాగే ఉండనీ. ప్రతి ఒక్కళ్లనీ వాళ్ల ఇంటికి వెళ్లి, పొయ్యి ముట్టించక ముందు మళ్లీ చూడు. చూసి, అడిగి, తాకి, దాని పక్కన రాయి. అంతా అయ్యాక నాకు పంపు" అంది. వెళ్తూ బోను ఎక్కేటప్పుడు అచ్చియ్యమ్మతో, బ్రేకు అర్హత పత్రానికి ఎవరికి రాయాలో చెప్పి, ఆ దరఖాస్తు మీద మాత్రం తన సంతకం పెట్టి ఇచ్చింది. నాకు అసూయ వేసింది.

రోజు 71

నూట నలభై మూడూ అయ్యాయి. పొద్దున్నే దుప్పటి కప్పుకుని గడప గడపకీ తిరిగాను. ప్రతి గుమ్మంలోనూ భయంతోనే తలుపు కొట్టాను. ఇక్కడ ఇంకెవరి బూట్లలో ఏముందో అని.

ఇంతలా తిరిగితే తేలింది ఇది. ఆరుగురికి మోతాదు మార్చాలి. పేరమ్మ టీ తాగుతూ అదే గుక్కతో మాత్ర మింగుతోందని అడిగితేగానీ తెలియలేదు. టీతో మింగితే ఇనుము మాత్ర ఒంటపట్టదు. ఒకాయన్ని కిందికి పంపాను, అదీ ప్రాణం మీదికి వచ్చిందేం కాదు. ఇంకో ముత్యాలరావు లేడు. చివరి ఇంటి గుమ్మం మెట్టు మీద కూర్చుని కాసేపు లేవలేదు. ఆ ఇంటావిడ కంగారుపడి మజ్జిగ తెచ్చింది.

కుంపటి తీసేస్తామంటూ పేరమ్మ మొహం మాడ్చుకుంది. తియ్యొద్దన్నాను. తలుపుకి ఇవతలి పక్క, చూపించుకుని బయటికి వెళ్లే చోట పెట్టించాను. పట్టకారు ఆవిడ దగ్గరే ఉంది. ఇప్పుడు బూట్లు విప్పకుండా ఎవర్నీ లోపలికి పంపడం లేదు.

రోజు 74

నియమం ప్రకారం నేనింక రాయక్కర్లేదు. పొద్దున్న బోనులో సలోమి సిస్టర్ సంతకం వచ్చింది. కాగితం మీద ఒక్క ముక్క కూడా అదనంగా రాయలేదు, ఆవిడ అంతే. రెండుసార్లు చదువుకుని సొరుగులో పెట్టాను. సంతోషంగా ఉంది, కానీ మనసు అక్కడ లేదు. ముత్యాలరావు నిన్న మధ్యాహ్నం తిరిగొచ్చాడు. బ్రేకు ఇంక పట్టకూడదని చెబితే గోడకేసి తిరిగి కూర్చున్నాడు. ఆసుపత్రిలో కుదుటపడినవాళ్లకి ఇంటికొచ్చాక మొదటి రాత్రి ఎలా గడుస్తుందో అదే అసలు పరీక్ష అని డాక్టరుగారు చెప్పారు.

తొమ్మిదింటికి అచ్చియ్యమ్మ వచ్చింది. కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. జుట్టు కూడా దువ్వుకోలేదు.

"ఏమైందండీ?"

"రాత్రంతా కన్ను మూయలేదండి."

"ఆయాసం మళ్లీ వచ్చిందా? కూర్చోబెట్టారా? నాకెందుకు కబురు చెయ్యలేదు?" సంచి అందుకుని అప్పటికే లేచాను.

"కూకోబెట్టడమేటండీ!" అంది ఆవిడ కోపంగా. "పడుకున్నాడండి. ఒక్క దిండేసుకుని ఎల్లకిలా పడిపోయి, తెల్లారేదాకా ఒకటే గురక. ఇంటి రేకులు ఎగిరిపోతాయేమో అనుకున్నాను. నెల్లాళ్లు కాపలా కాసి కాసి ఈ పూటైనా నేను పడుకుందామంటే నిద్రపోనిత్తేనా? దీనికేదన్నా మాత్రుంటే రాయండి ముందు."

చెప్పడం అయ్యాక ఆవిడకే అర్థమైంది తనేం చెప్పిందో. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను సంచి బల్ల మీద పెట్టేశాను. ఇద్దరం నవ్వామో ఏడ్చామో బయట బెంచీ మీద వాళ్లకి తెలిసి ఉండదు.

సొంతంగా మందు రాసే అధికారం నాకు వచ్చి అప్పటికి రెండు గంటలైంది. మొట్టమొదట అడిగిన మనిషికి, రాయనని చెప్పాను.